పలక మీద కొండ

పిల్లలూ!

బొమ్మలు గీయటమంటే మీలో చాలామందికి సరదా. పుస్తకం చివరి పేజీలో ఏనుగు, లెక్కల నోటుపుస్తకం అంచున రైలుబండి, అరుగు మీద బొగ్గుతో మాస్టారి మీసాలు! ఇవన్నీ నాకు తెలియనివి కావు. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లల పుస్తకాలు దిద్దినవాణ్ణి గదా! అయితే ఆ బొమ్మలు కంటపడగానే ఇంట్లో పెద్దవాళ్ళు, "ఈ పిచ్చిగీతలు రేపు అన్నం పెడతాయా?" అంటారు. అది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. ఈ నెల దానికి సమాధానం వెతుకుదాము.

బొమ్మలు వేయటమే వృత్తిగా పెట్టుకొని, దానితోనే బ్రతికేవారు కొందరున్నారు. పగలంతా పొలం పనో, బడి పనో, ఆఫీసు పనో చేసుకొని, తీరిక దొరికినప్పుడు ముచ్చటకొద్దీ బొమ్మలు వేసుకొనేవారు మరి కొందరున్నారు. నేను చెప్పబోయేది ఈ రెండో రకం వారిని గురించి. వీరికి బిరుదులు అక్కరలేదు, పెద్ద సామాను అక్కరలేదు. కాని వీరికి ఎదురయ్యే సాహసాలు మాత్రం కథల్లోని రాజకుమారుల సాహసాలకు తీసిపోవు. నమ్మకం లేదా? అయితే నాతో త్రిపురాంతకం రండి.

త్రిపురాంతకం మార్కాపురం ప్రాంతంలో ఉన్నది. శ్రీశైలానికి తూర్పు ద్వారమని దానికి పేరు. కొండ మీద త్రిపురాంతకేశ్వరస్వామి గుడి, క్రింద చెరువు వద్ద బాలాత్రిపురసుందరీదేవి గుడి ఉన్నవి. పడమటి దిక్కున నల్లమల కొండలు. ఒక కాగితం, పెన్సిలు, నాలుగు రంగులు తీసుకొని తెల్లవారేలోపల ఒక చెట్టుక్రింద కూర్చోండి.

మొదటి సాహసం సూర్యుడితో. ఎండ ముందుగా కొండ కొమ్మున పడుతుంది. అప్పటికి క్రింద ఊరింకా నీడలోనే ఉంటుంది. చూస్తుండగానే వెలుగు మెట్టు మెట్టుగా క్రిందికి దిగుతుంది. మీరు గోడ నీడను తీరుబడిగా నల్లబరచి తల ఎత్తి చూచేసరికి ఆ నీడ అక్కడ ఉండదు! ఆకాశంలో సూర్యుడు గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతూ ఉంటాడు. అందుకని తెలిసినవారు ముందుగా నీడల అంచులు గీసిపెట్టుకొంటారు. తరువాత నీడ ఎక్కడికి పోయినా దానివెంట పరుగెత్తరు.

రెండో సాహసం రంగులతో. పేరు నల్లమల గదా అని మీరు నలుపు కలుపుతారు. లేదా అడవి గదా అని ఆకుపచ్చ కలుపుతారు. కాగితం మీద ఆ రంగు పెట్టి, కొండవైపు చూడండి. రెండూ కలవవు. దూరపు కొండ నీలంగా కనబడుతుంది! ఇంకా దూరాన ఉన్నది ఇంకా లేత నీలం. ఎందుకని? కొండకూ మన కంటికీ మధ్య ఎన్నో మైళ్ళ గాలి ఉన్నది. ఆ గాలి సూర్యకాంతిలోని నీలిరంగును మిగిలిన రంగులకంటె ఎక్కువగా చెదరగొడుతుంది. ఆకాశం నీలంగా కనబడటానికీ అదే కారణం. కొండ మీది చెట్లు పచ్చగానే ఉన్నా, మనం చూస్తున్నది మధ్యనున్న గాలిని కూడా అన్నమాట.

మూడో సాహసం చెరువుతో. నీళ్ళలో గుడి తలక్రిందులుగా కనబడుతుంది. ఆ ప్రతిబింబాన్ని జాగ్రత్తగా చూడండి. పైన తెల్లగా ఉన్న గోడ నీటిలో కొంచెం మాసినట్లు ఉంటుంది. ఎందుకంటే పడిన వెలుగునంతా నీరు తిప్పి పంపదు, కొంత లోపలికి పోనిస్తుంది.

ఇక నాలుగో సాహసం మిక్కిలి ప్రమాదకరమైనది. వెనుకనుంచి ఒక మేక వచ్చి మీ కాగితాన్ని ఆకనుకొంటుంది. అంతలో నలుగురు మూగుతారు. "ఇదేంది, కొండకు తోక మొలిచింది?" అని ఒకడంటాడు. "నా బర్రెను గూడా వెయ్యి నాయనా," అంటాడొక తాత. బర్రె నిలబడదు. దానికొక ఉపాయం ఉన్నది. ఒకే కాగితం మీద అయిదారు బొమ్మలు మొదలుపెట్టండి. బర్రె తల దించితే ఒకటి, ప్రక్కకు తిరిగితే మరొకటి. కాసేపటికి అది మళ్ళీ మొదటిలాగే నిలబడుతుంది. అప్పుడు మొదటి బొమ్మకు రెండు గీతలు చేర్చవచ్చు.

ఇప్పుడు కళ్ళు మూసుకొని నా ప్రశ్నకు జవాబు చెప్పండి. ఆవుకు కొమ్ము ముందున్నదా, చెవి ముందున్నదా? రోజూ చూచే ఆవే! అయినా చాలామంది తడబడతారు. ఆవును ఒక్కసారి బొమ్మ వేసిన పిల్లవాడు తడబడడు. కంటితో చూచేది ఒక చూపు, చేతితో గీస్తూ చూచేది ఇంకొక చూపు. బొమ్మ వేయటం వల్ల కలిగే మొదటి లాభం ఇదే. బొమ్మ బాగా రాకపోయినా ఈ లాభం ఎక్కడికీ పోదు.

ఈ చూపు ఎంత పని చేస్తుందో చెప్పటానికి ఒక చరిత్ర ఉన్నది. 1609లో ఇంగ్లండులో హారియట్ అనే పండితుడు దూరదర్శినితో చంద్రుణ్ణి చూచి బొమ్మ గీశాడు. వెలుగుకూ చీకటికీ మధ్య గీత వంకరటింకరగా ఉన్నదని గీశాడేగాని, ఎందుకలా ఉన్నదో పోల్చుకోలేకపోయాడు. అదే సంవత్సరం కొన్ని నెలల తరువాత ఇటలీలో గెలీలియో కూడా చంద్రుణ్ణి చూచాడు. గెలీలియోకు చిత్రకళ బాగా తెలుసు. ఎత్తుపల్లాల మీద వెలుగునీడలు ఎలా పడతాయో ఎరిగినవాడు. చంద్రుడి చీకటి భాగంలో అక్కడక్కడ వెలుగు చుక్కలు కనబడినవి. చూస్తుండగా అవి పెద్దవై వెలుగు భాగంతో కలిసిపోయినవి. త్రిపురాంతకంలో మీరు చూచినదీ ఇదే గదా! ఎండ ముందు కొండకొమ్మున పడి, తరువాత క్రిందికి దిగింది. "అయితే చంద్రుడి మీద కూడా కొండలున్నాయి!" అని గెలీలియో గ్రహించాడు. చంద్రుడు అద్దంలా నున్నగా ఉంటాడని అంతవరకు పండితులు నమ్మేవారు. 1610లో ఆయన తన పుస్తకం అచ్చువేసి, చంద్రుడి బొమ్మలతో సహా లోకానికి చూపించాడు.

ఇంతకీ సామాను సంగతేమిటి? అన్నిటికంటె మంచిది పలక. మార్కాపురం పలకలకు పెట్టింది పేరు. వెనుకటి రోజుల్లో తెలుగుదేశపు బడిపిల్లలెందరో అక్కడి పలకల మీద అక్షరాలు దిద్దారు. ఇప్పుడు బడుల్లో రాతిపలకలు తగ్గినవి. ఆ రాయి ఇళ్ళ గోడలకు, పైకప్పులకు అలంకారంగా పోతున్నది. ఈ రాయి వయస్సు ఎంతో తెలుసా? నూరు కోట్ల సంవత్సరాలకు పైమాటే! నీటి అడుగున పేరుకొన్న మెత్తని బురద, పైబరువుకూ భూగర్భపు వేడికీ గట్టిపడి పలకరాయి అయింది. ఆ ఒత్తిడివల్ల దానిలోని సన్నని రేకులు ఒకే వరుసకు తిరిగినవి. అందుకే ఉలిపెట్టి కొడితే పొరలు పొరలుగా విడిపోతుంది. బలపం రాయి చాలా మెత్తనిది. గట్టి పలక మీద మెత్తని బలపం అరిగి గీత పడుతుంది. తుడిస్తే పోతుంది. తప్పు గీశానన్న భయం లేదు, కాగితం ఖర్చు లేదు. నూరు కొండలు గీసి నూరూ తుడిచిన తరువాత నూట ఒకటవ కొండను కాగితం మీద పెట్టండి. ఒక హెచ్చరిక మాత్రం వినండి. పాత పలకరాతి గనుల గుంతల అంచులకు, వాటిలోని నీళ్ళ దగ్గరకు పోవద్దు. బొమ్మ వేసేవాడికి దూరమే మంచిది.

రంగులు కొనలేకపోయినా చింతలేదు. ఎర్రమన్ను తెచ్చి నీళ్ళలో కలియబెట్టండి. ఇసుక వెంటనే అడుగుకు దిగుతుంది. పైనున్న ఎర్రనీళ్ళను ఇంకొక గిన్నెలోకి వంపి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లవారి తేట వంపేస్తే అడుగున వెన్నలాంటి ఎర్రరంగు మిగులుతుంది. తెలుపుకు సుద్ద, నలుపుకు దీపపు మసి, పసుపుపచ్చకు వంటింటి పసుపు. ఇవి కాగితానికి అంటుకొని ఉండటానికి తుమ్మబంక నానబెట్టి, గుడ్డలో వడకట్టి, కొద్దిగా కలపండి. కొట్లో అమ్మే నీటిరంగుల్లో కూడా తుమ్మజాతి చెట్ల బంకనే వాడుతారు. కుంచెకు వెదురుపుల్ల చాలు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు వెదురుపుల్లకు కొనదగ్గర ఉన్ని చుట్టి, దారంతో కట్టి, ఆ కలంతోనే పురాణకథలన్నీ గుడ్డమీద గీస్తారు.

ఇలా తీరికవేళల్లో బొమ్మలు వేసుకొని బ్రతుకంతా పండించుకొన్న పెద్దమనిషి ఒకరు మన ప్రాంతానికి దగ్గరలోనే ఉండేవారు. త్రిపురాంతకం నుంచి తూర్పుగా వినుకొండ, నరసరావుపేట, గుంటూరు దాటిపోతే దుగ్గిరాల వస్తుంది. దాని దగ్గర పల్లెటూరు తుమ్మపూడి. అక్కడ ఉండేవారు సంజీవదేవ్. 1914లో పుట్టి 1999లో కన్నుమూశారు. పెద్ద చదువుల పట్టాలు లేవు. చిన్నతనంలో హిమాలయాలకు పోయి తిరిగారు. కులూ లోయలో, హిమాలయ చిత్రాలకు పేరుగన్న రష్యా చిత్రకారుడు నికొలాస్ రోరిక్‌ను కలుసుకొన్నారు. తిరిగివచ్చి తన పల్లెలోనే స్థిరపడి నీటిరంగులతో, రంగుసుద్దలతో బొమ్మలు వేశారు. వ్యాసాలు వ్రాశారు. దేశదేశాల మిత్రులకు ఉత్తరాలు వ్రాశారు. ఆయన తన కథను వ్రాసుకొన్న పుస్తకానికి ఉన్న పేరేమిటో తెలుసా? "తుమ్మపూడి"! హిమాలయాలు చూచివచ్చినవాడికి కూడా సొంత ఊరి చెట్టూ, మబ్బూ చూడదగినవిగానే కనబడినవి. చూడటం నేర్చినవాడికి ఊరు చిన్నది కాదు.

ఇక పెద్దలకు ఒక మాట. స్పెయిను దేశంలో 1852లో పుట్టిన రామోన్ కహాల్ అనే పిల్లవాడికి బొమ్మల పిచ్చి. తండ్రి వైద్యుడు. బొమ్మలంటే ఆయనకు గిట్టదు. కొడుకును కొంతకాలం క్షౌరశాలలోనూ, చెప్పులు కుట్టే చోటా పనికి పెట్టాడు. బొమ్మల పిచ్చి పోలేదు. చివరకు తండ్రే ఒక దారి కనిపెట్టాడు. ఎముకలు చూపించి, వాటి బొమ్మలు గీయిస్తూ శరీరశాస్త్రం నేర్పాడు! ఆ కుర్రవాడు పెద్దవాడై సూక్ష్మదర్శినిలో మెదడు కణాలను చూచి, వాటి బొమ్మలను చేతితో గీశాడు. మెదడు వేరువేరు కణాలతో కట్టబడినదని చూపాడు. 1906లో నోబెల్ బహుమతిలో సగం అతనికి వచ్చింది. బొమ్మలు చదువుకు అడ్డమని మొదట అనుకొన్న తండ్రే, ఆ బొమ్మల మీదుగా కొడుకును చదువులోకి నడిపించాడు.

మన రాజమహేంద్రవరంలోనూ ఇలాంటిదే జరిగింది. అక్కడి ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ప్రిన్సిపాలుగా ఉండేవాడు. కాలేజీ నడపటం ఆయన ఉద్యోగం, నీటిరంగుల బొమ్మలు ఆయన ముచ్చట. అందుకని పిల్లల చేతిలోని గీతను గుర్తుపట్టగలిగాడు. దామెర్ల రామారావు ఆయన ప్రోత్సాహంతోనే బొంబాయి వెళ్ళి చిత్రకళ అభ్యసించాడు. 1925లో 28 ఏళ్ళు నిండకుండానే చనిపోయినా, ఆంధ్ర చిత్రకళకు దారి చూపినవాడని పేరు పొందాడు. అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యుడే. ఆయన నవలలూ వ్రాశాడు, బొమ్మలూ వేశాడు.

కాబట్టి, పిల్లవాడు బొమ్మ తెచ్చి చూపినప్పుడు "బాగున్నది" అని ఊరుకోకండి, "పనిలేదా" అని కసరకండి. "ఇది ఎక్కడ చూచావు? ఎండ ఎటునుంచి పడింది?" అని అడగండి. ఆ రెండు ప్రశ్నలు వాణ్ణి మళ్ళీ చెట్టుక్రిందికి పంపుతాయి. లెక్కలూ పాఠాలూ ముందు పూర్తిచేయమనండి, తప్పులేదు. రోజుకు అరగంట బొమ్మకు వదలండి. అన్నం పెడుతుందా అంటే, అందరికీ పెట్టదు. చూచినదాన్ని చూచినట్లు చెప్పగలగటం మాత్రం వైద్యుడికీ, రైతుకూ, వడ్రంగికీ కూడా కావలసిన విద్య.

పిల్లలూ! ఈ నెల మీరు చేయవలసిన పనులు రెండు.

మొదటిది: ఒక కాగితం మీద ఎర్రమన్నుతో ఒక పట్టీ, పసుపుతో ఒక పట్టీ వేయండి. ఇంకొంచెం పసుపులో, అమ్మచేత, తమలపాకుల సున్నం చిటికెడు కలిపించి మూడో పట్టీ వేయండి. సున్నానికి క్షారగుణం ఉన్నది గనుక పసుపు ఎర్రబారుతుంది. పారాణి రంగు పుట్టేది ఇలాగే. సున్నం కళ్ళలో పడకూడదు సుమా! పట్టీలలో సగభాగాన్ని అట్టముక్కతో కప్పి, కాగితాన్ని రెండు వారాలు ఎండలో ఉంచండి. తరువాత అట్ట తీసి చూడండి. ఏ రంగు నిలిచింది, ఏది వెలిసింది? కర్నూలు సీమలో కేతవరం దగ్గర రాతిగుండ్ల మీద ఆదిమానవులు ఎర్రరంగుతో వేసిన జంతువుల బొమ్మలు నేటికీ కనబడటానికి కారణం మీకే బోధపడుతుంది.

రెండోది: మీ ఊళ్ళో పాతబడిన ఇల్లో, బావో, పెద్ద చెట్టో ఒకటి ఎన్నుకొని బొమ్మ వేయండి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఆ చెట్టు పోవచ్చు, కొత్త మేడ కట్టేటప్పుడు ఆ ఇల్లు పోవచ్చు. మీ కాగితం ఉంటుంది. బొమ్మ క్రింద ఊరి పేరు, తేదీ, వేళ తప్పక వ్రాయండి. త్రిపురాంతకంలో కాయస్థ నాయకుడు అంబదేవుడు వేయించిన శాసనం 1290 నాటిదని మనం చెప్పగలుగుతున్నామంటే, ఆ రాతి మీద సంవత్సరం చెక్కి ఉండటంవల్లనే గదా!

బలపం చెక్కుకొని కూర్చోండి మరి. మేక వస్తే కాగితం జాగ్రత్త!