ఎక్స్ఛేంజి ఫీజు సరే, దొంగతనం జరిగితే నష్టం ఎవరిది?

ఏ క్రిప్టో ఎక్స్ఛేంజి మంచిదని అడిగితే మనవాళ్ళు ముందు తీసేది ఫీజుల పట్టికే. ఒకడిది 0.2 శాతం, ఇంకొకడిది 0.5, మరొకడు ఏకంగా సున్నా అంటాడు. సరే, లెక్కే వేద్దాం. లక్ష రూపాయల బిట్‌కాయిన్ అమ్మితే మొదటివాడికి 200, రెండోవాడికి 500. పైన 18 శాతం జీఎస్టీ కలిపినా తేడా 354 రూపాయలు. అదే అమ్మకం మీద 2022 జులైలో వచ్చిన ఒక శాతం టీడీఎస్సే వెయ్యి (రిటర్నులో సర్దుబాటవుతుంది లెండి). లాభం మీద 30 శాతం పన్ను సరేసరి.

సున్నా ఫీజు వాడి దగ్గర కొనే ధర, అమ్మే ధర ఒకేసారి చూడండి. మధ్యలో 2 శాతం తేడా కనిపిస్తే ఫీజు అక్కడ దాక్కుందన్నమాట.

అసలు సంగతి భద్రత. కోల్డ్ వాలెట్ ఉందా, మల్టీసిగ్ ఉందా అని టిక్కులు పెట్టుకుంటాం కదా, వజీర్‌ఎక్స్‌కి మల్టీసిగ్ ఉంది. ఆ వాలెట్‌కి ఆరుగురు సంతకందార్లు: ఐదుగురు కంపెనీ వాళ్ళు, ఒకరు లిమినల్ అనే కస్టడీ సంస్థ. అయినా 2024 జులై 18న దాదాపు 23 కోట్ల డాలర్లు పోయాయి. వజీర్‌ఎక్స్ చెప్పినదాని ప్రకారం తెర మీద కనబడిన లావాదేవీ ఒకటి, సంతకం పడింది ఇంకొకదాని మీద. తప్పు మీదంటే మీదని రెండు సంస్థలూ వేళ్ళు చూపించుకున్నాయి. 2025 ఫిబ్రవరిలో బైబిట్‌లో సుమారు 150 కోట్ల డాలర్లు పోయిందీ ఇదే పద్ధతిలో. మన భాషలో చెప్పాలంటే, ముగ్గురు రివ్యూయర్లూ ఒకే టూల్‌లో డిఫ్ చూసి అప్రూవ్ కొడుతుంటే, ఆ టూలే అబద్ధం చెప్పిన రోజున ముగ్గురున్నా లేనట్టే.

ఇలాంటి దాడిని బయటినుంచి మనం పసిగట్టలేం. పోయాక ఏమవుతుందన్నది మాత్రం ముందే అడగొచ్చు. వజీర్‌ఎక్స్‌లో పోయినవి ఎక్కువగా ఇథీరియం మీది టోకెన్లు. అయినా బిట్‌కాయిన్ మాత్రమే ఉన్నవాడి ఖాతా కూడా స్తంభించింది, నష్టం అందరికీ పంచారు. మాతృసంస్థ సింగపూర్‌ది కాబట్టి వ్యవహారం అక్కడి కోర్టుకెళ్ళింది. మళ్ళీ తెరుచుకునేసరికి 2025 అక్టోబరు. హైదరాబాదులో కూర్చుని సింగపూర్ కోర్టు వాయిదాలు లెక్కపెట్టుకోవడం ఏ ఫీజుల పట్టికలోనూ ఉండదు మరి!

2025 జులైలో కాయిన్‌డీసీఎక్స్‌లో సుమారు 4.4 కోట్ల డాలర్లు పోయినప్పుడు, అది కంపెనీ సొంత ఖాతా అనీ, నష్టం తామే భరిస్తామనీ ప్రకటించారు. దొంగ ఎంత తెలివైనవాడన్నదానికన్నా, ఖాతాదార్ల సొమ్ము విడిగా ఉందా, కంపెనీ దగ్గర భరించే నిధి ఉందా అన్నదే తేడా తెచ్చింది.

ఎఫ్‌ఐయూ రిజిస్ట్రేషన్ ఉందని ధీమా పడేవాళ్ళున్నారు. అది మనీ లాండరింగ్ చట్టం కింద నమోదు. బ్యాంకు డిపాజిట్‌కి ఉన్న 5 లక్షల బీమా లాంటిదేదీ దాంతో రాదు.

కాబట్టి కొత్త ఎక్స్ఛేంజిలో చేరేముందు, ఎవరూ చదవని ఆ ఒప్పందం తెరిచి మూడు చోట్ల ఆగండి: కాయిన్ల యజమాని ఎవరని రాశారు, చోరీ జరిగితే నష్టం ఎవరి నెత్తిన, తగాదా ఏ దేశపు కోర్టులో. తర్వాత వెయ్యి, రెండువేలకి కాయిన్లు కొని మీ సొంత వాలెట్‌కి పంపి చూడండి, ఎంత కోస్తారో ఎన్ని గంటలు ఆపుతారో తెలుస్తుంది. కొన్ని యాపుల్లో బయటికి పంపే వీలే ఉండదు. అలాంటిచోట ఫీజు సున్నా అయినా నేను పెట్టను.