తొట్టి పక్కన మూడడుగుల మన్ను

చెన్నై దగ్గరి మా ఊరు తామరైపాక్కం పేరు చాలామంది తెలుగువాళ్లకు 2020 సెప్టెంబరులో తెలిసింది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి అంత్యక్రియలు ఇక్కడి తోటలోనే జరిగాయి. ఆయన సమాధి చూడటానికి వచ్చేవాళ్లకు దారి పొడుగునా ఇళ్ల ప్లాట్ల బోర్డులు కనిపిస్తాయి. నా దిగులు ఆ ప్లాట్లలో లేస్తున్న ఇళ్ల గురించే.

ఇల్లు పూర్తయ్యేసరికి ప్రహరీ దాకా సిమెంటు పోసేస్తున్నారు. తర్వాత మేడ మీదికి ప్లాస్టిక్ సంచులు, కొబ్బరిపొట్టు, ఎరువు పొట్లాలు కొనుక్కొచ్చి టమాటా, క్యాలీఫ్లవర్ పెడుతున్నారు. లెక్క వేస్తే అంగడి కూరే చవక. పెరటి కూరతో నాలుగు డబ్బులు మిగలాలంటే అడక్కుండా బతికే మొక్కలు కావాలి. మునగ, కరివేపాకు, బచ్చలి, పొన్నగంటి, ఒక అరటి. బియ్యం కడిగిన నీళ్లూ, కూరలు కడిగిన నీళ్లూ పారే తొట్టి పక్కన ఇవి వాటంతటవే పెరుగుతాయి. మా ఊరి భూమిలోని నీళ్లను చెన్నై దశాబ్దాలుగా తోడుకుంటోంది. 2019 ఎండాకాలంలో ఆ నగరం చెరువులు ఎలా ఎండాయో చూశాం. పెరటికి మంచినీళ్లు పోసే ఇల్లు కాదు మాది.

మా అత్తగారిది తిరుత్తణి పక్క పల్లె. 1960 దాకా అది చిత్తూరు జిల్లా. రాష్ట్రం మారింది గానీ పొయ్యి మీద కూర మారలేదు. పెరట్లో ఏముందో చూశాకే ఏం వండాలో ఆలోచించేది ఆవిడ. పులగూర ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. చేతికందిన నాలుగు రకాల ఆకు, ఒక వంకాయ, పచ్చిమిరపకాయలు, కాస్త చింతపండు, గుప్పెడు కందిపప్పు కలిపి ఉడికించాలి. నీళ్లు వంచుకుని, పప్పుగుత్తితో ఎనిపి, వెల్లుల్లి తాలింపు పెట్టాలి. ఆ వంచిన నీళ్లు పారబోయకూడదు, అందులో మిరియాలూ జీలకర్రా దంచి వేస్తే చారు. బీరకాయ కూరకు పోతే దాని తొక్కు పచ్చడికి. మునగాకు పెసరపప్పులోకి, పువ్వు వేపుడుకి, కాయ పులుసుకి. చలికాలంలో అనపకాయలు కాస్తే పితికిన పప్పు. ఆ రోజు ఇంట్లో ఎవరూ ఇంకేమీ అడగరు.

2023 జూలైలో టమాటా కిలో 200 దాకా పోయింది. చెన్నైలో రేషన్ దుకాణాల్లో 60 రూపాయలకు అమ్మాల్సి వచ్చింది. మేం ఆ నెలంతా చింతపండు, గోంగూర, ఎండబెట్టిన మామిడి ఒరుగులతో వండుకున్నాం. పులుపు కోసం టమాటా ఒక్కదాని మీదే ఆధారపడటం మన వంటింటికి మంచిది కాదని అప్పటినుంచీ కనపడ్డవాళ్లకల్లా చెబుతున్నాను.

తమిళనాడులో బియ్యం కార్డు ఉన్న ఇంటికి రేషన్ బియ్యం ఉచితం. కందిపప్పు కిలో 30, పామాయిల్ లీటరు 25. అన్నానికి లోటు లేదు. కానీ హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం మనిషికి రోజుకు కూరగాయలు, పళ్లు కలిపి అర కిలో కావాలి. అంటే నలుగురున్న ఇంటికి రెండు కిలోలు! కూలికి పోయే ఇల్లు అంత ఎక్కడ కొంటుంది? అందులో ఆకుకూర వంతైనా పెరడు తీర్చగలదు. ఆ పెరటిని మనమే సిమెంటు కింద పాతిపెడుతున్నాం.

ప్లాట్లకు అనుమతి ఇచ్చేటప్పుడు రోడ్డు వెడల్పు అడుగుతారు, కాలువ అడుగుతారు. ప్రతి ఇంటికీ తొట్టి పక్కన మూడడుగుల మన్ను వదలాలని కూడా రాయించాలి. పంచాయతీ సభలో ఈ మాట ఎత్తుతాను. ఇల్లు కడుతున్నవాళ్లు అప్పటిదాకా ఆగనక్కర్లేదు, మేస్త్రీకి ముందే చెప్పేయండి. 2016 డిసెంబరులో వర్దా తుపానుకు మా మునగ కూలితే, ఆ మాను ముక్కలే మళ్లీ పాతాం. మీరు వదిలే ఆ మూడడుగుల్లో పాతడానికి నడుమెత్తు కొమ్మ ఒకటి చాలు. కావలసినవాళ్లు వానలకు ముందు వచ్చి కొట్టుకెళ్లండి.