శాసనసభ చెల్లింపవలసిన ఋణము

ఆంధ్రప్రదేశ్ శాసనసభాధ్యక్షులకు, బోగోలు నుండి.



1833లో బానిసత్వమును రద్దుచేసిన బ్రిటిషు పార్లమెంటు, రెండు కోట్ల పౌనుల నష్టపరిహారమును యజమానులకు పంచిపెట్టి, బానిసలకు చిల్లిగవ్వయు నీయలేదు. కరీబియను ప్రభుత్వములు 2014లో ఆ అన్యాయమునకు పరిహారముగా పది కోరికలను ప్రకటించి, వానిలో క్షమాపణమును మొట్టమొదట నిలిపినవి. ఆ వివాదమును పరదేశపు వార్తగా చదివి ఊరకుండుటకు మాకు వీలులేదు. ఏలనన, ఎరుకలవారి ఊరగు కప్పరాళ్లతిప్ప మా పొరుగుననే యున్నది.

ఎరుకలవారు పూర్వము ఎడ్లమీదను గాడిదలమీదను కోస్తా ఉప్పును లోపలి సీమలకు మోసికొనిపోయి, ధాన్యముతో తిరిగివచ్చెడి వర్తకులు. ఉప్పు సర్కారు గుత్తయై, రైలు వచ్చి, ఆ వర్తకము కూలినపిమ్మట, బ్రతుకుతెరువు గోల్పోయిన ఆ సంచారులను ప్రభుత్వము శంకించి, 1871 నాటి నేరస్థ జాతుల చట్టమును 1911లో మద్రాసు రాజధానికిని విస్తరింపజేసినది. ఎవడేమి చేసెనన్న విచారణతో దానికి పనిలేదు. ఆ కులమున పుట్టుటయే చాలును. వేలిముద్రలు, హాజరు, పొలిమేర దాటుటకు పాసు, తల్లిదండ్రులనుండి బిడ్డలను వేరుచేయు అధికారము: ఇన్నియు శాసనబద్ధములే. స్టూవర్టుపురమున సాల్వేషన్ ఆర్మీకిని, కావలిలో అమెరికను బాప్టిస్టు మిషనుకును వారి నిర్బంధ నివాసములగు సెటిల్మెంట్లు అప్పగింపబడినవి. సెటిల్మెంటను ఆ పేరు కప్పరాళ్లతిప్పను నేటికిని వదలలేదు. ఆ ఊరివాడనగానే కనుబొమ్మలు ముడివేయువారు మాలో నింకను గలరని చెప్పుటకు సిగ్గగుచున్నది.

మా జిల్లావారగు వెన్నెలకంటి రాఘవయ్యగారి వంటివారు పోరాడగా, 1947లో మద్రాసు రాష్ట్రమునను, 1952 ఆగస్టు 31న దేశమంతటను ఆ చట్టము రద్దైనది. వెంటనే అలవాటు నేరస్థుల చట్టములు వచ్చినవి. పుట్టుకనుబట్టి నేరస్థులుగా చూచు ఆ దృష్టి జైలు నియమావళులలో మిగిలియుండగా, దానిని 2024లో సుప్రీంకోర్టు ఖండింపవలసివచ్చినది.

రిజర్వేషనులుండగా ఇంకేమి కావలెనని కొందరందురు. అవి వెనుకబాటునకు చేయూత. ప్రభుత్వమే స్వహస్తములతో జేసిన అపచారమునకు సమాధానము గావు. చేసినవారు తెల్లదొరలు, వారు వెడలిపోయిరని మరికొందరందురు. వారి పోలీసు దస్తరములను, భూములను, కచ్చేరీలను వారసత్వముగా స్వీకరించిన మనము ఋణమును మాత్రము త్రోసిపుచ్చుట ధర్మము గాదు.

కావున, నేరస్థ జాతుల చట్టమునకు గురియైన కుటుంబములను క్షమాపణ వేడుచు సభ ఏకగ్రీవముగా తీర్మానింపవలెను. సెటిల్మెంటు దస్తరములు వారి సంతతికి చూపబడవలెను. అచ్చటి భూములను తరతరములుగా దున్నుచు పట్టాలు లేనివారెవరో విచారించి, వారికి పట్టాలీయవలెను. ఆ తీర్మానమును తామే కప్పరాళ్లతిప్పకు వచ్చి, అచ్చటి వృద్ధుల సమక్షమున చదివి వినిపింపవలెనని ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
బోగోలు నివాసి యొకడు