ఒక్క రోజు ప్రయాణమేగా!

"ఒక్క రోజు ప్రయాణమేగా అమ్మా! ఎక్కి కూచుంటే అదే తీసుకొచ్చేస్తుంది."

అమెరికాలో కోడలికి నెలలు నిండేసరికి కొడుకు ఫోనులో అనే మాట ఇది. ఈ మాటతోనే నాకు పేచీ.

లెక్క చూద్దాం. శంషాబాదు నుంచి డల్లాస్‌కు పక్షిలా తిన్నగా ఎగిరితే సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయిలో విమానం మారితే దాదాపు 15,500. గాలిలోనే ఇరవై గంటలు. మన సుపుత్రుడు లెక్కపెట్టింది ఇంతే! విజయవాడ నుంచి శంషాబాదుకు కారులో పట్టే అయిదారు గంటలు ఎవరి ఖాతాలో రాయాలి? మూడు గంటల ముందే చేరుకోవడం, దుబాయిలో పడిగాపులు, దిగాక ఇమ్మిగ్రేషన్ వరస? ఈ గడప దాటి ఆ గడప తొక్కేసరికి రోజున్నర! పైగా ఇక్కడ తెల్లవారుజామున ఎక్కితే అక్కడ అదే తారీఖు సాయంత్రం దిగుతాం. క్యాలెండరు కూడా కొడుకు పక్షమే!

కాళ్ళు వాచి, పదకొండు గంటల పైచిలుకు తేడాతో పగలు రాత్రయి దిగిన తల్లి, మర్నాడే పథ్యం వంటకీ పసివాడి నీళ్ళకీ సిద్ధం కావాలి. మనవణ్ణి ఎత్తుకోవడం బరువని ఏ అమ్మమ్మా, ఏ నాన్నమ్మా అనదు. "ఒక్క రోజేగా" అన్న మాటే బరువు.

దూరమంటే ఆడవాళ్ళకి భయమంటారా? 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకు ఎయిరిండియా విమానాన్ని అందరూ ఆడ పైలట్లే నడిపి తెచ్చారు. ఉత్తర ధ్రువం మీదుగా, దాదాపు 14,000 కిలోమీటర్లు, సుమారు పదిహేడు గంటలు! కనక ధైర్యం సంగతి మాకు చెప్పకండి.

అసలు విడ్డూరం మరొకటుంది. అదే తల్లి ఆస్పత్రిలో మంచం పట్టిందనుకోండి. అప్పుడు ఫోనులో వినిపించే మాట: "ఇంత దూరం నుంచి ఉన్నపళంగా ఎలా రాను?" అవే ఊళ్ళు, అదే విమానం! మనం వెళ్ళడానికి ఒక్క రోజు, వాళ్ళు రావడానికి పద్నాలుగు వేల కిలోమీటర్లూనా?

సెలవు దొరకదు, వీసా చిక్కులుంటాయి. నిజమే, కాదనను. అయితే ఆ మాటే చెప్పండి నాయనా, అమ్మ అర్థం చేసుకుంటుంది. పాపం, దూరం మీద నెట్టకండి.

ఇక అమ్మలకి ఒక మాట. టిక్కెట్టు కొనకముందే నోరు విప్పండి. "వీల్‌చెయిర్ చెప్పించు, భీమా చేయించు, విమానం మారేచోట పరుగు పెట్టించకు, దిగాక వారం రోజులు నన్ను నిద్రపోనియ్యి" అనండి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. పురిటికి వచ్చే మనిషి సామాను కాదు కదా, ఎక్కిస్తే చేరిపోవడానికి!