పనికిరాదన్నందుకు కూడా డబ్బులిద్దాం

పంచర్ షాపులో మనం డబ్బులిచ్చేది ఒకే ఒక్క పనికి: రంధ్రం పూడ్చినందుకు. పూడ్చకపోతే పైసా ఇవ్వం. "అన్నా, ఈ టైరు ఇంక పనికిరాదు" అని నిజం చెప్పిన మనిషికి మన దగ్గర దక్కేది ఒక చిరాకు చూపు, అంతే. ఈ అలవాటు ప్రాణాల మీదికి తెస్తుందని నా అభిప్రాయం. దీన్ని చెప్పడానికి అన్నిటికన్నా ఖరీదైన కేసునే తీసుకుంటాను. స్పోర్ట్స్ కారు టైరుకి పంచరైతే రిపేరు చేయించాలా, కొత్తది వేయించాలా?

"మన కాలేజీ పార్కింగులో ఉండేవి స్ప్లెండర్లు, యాక్టివాలు. మనకెందుకబ్బా స్పోర్ట్స్ కార్ల గోల?" అనొచ్చు. ఆదివారం పొద్దున్నే ఎన్‌హెచ్ 16 మీద, అంటే మన పెద్దోళ్ళు ఇప్పటికీ ఎన్‌హెచ్ 5 అనే రోడ్డు మీద, కాసేపు నిలబడి చూడండి. తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట మీదుగా తమిళనాడు నంబర్ ప్లేట్ల కార్లు, పెద్ద బైకులు సర్రున వస్తుంటాయి. అదీకాక మనోళ్ళు మైపాడు బీచ్‌కి వేసుకుపోయే ఆర్15కి కూడా వెనక ఉండేది రేడియల్ టైరే. కారు టైరుకీ బైకు టైరుకీ నియమాల్లో తేడాలుంటాయి గానీ, అడగాల్సిన మొదటి ప్రశ్న మాత్రం ఒకటే: లోపల ఏమైంది?

ముందు టైరు పక్కన రాసుండేది చదవడం నేర్చుకుందాం. ఉదాహరణకి 245/35 ఆర్19 93వై. 245 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 35 అంటే ఆ వెడల్పులో 35 శాతం పక్కగోడ ఎత్తు, అంటే సుమారు 86 మిల్లీమీటర్లు. మామూలు హ్యాచ్‌బ్యాక్‌కి వచ్చే 185/65 టైరులో ఇదే ఎత్తు 120 మిల్లీమీటర్లు. చివరి అక్షరం వేగానికి గుర్తు. టీ అంటే గంటకి 190 కిలోమీటర్ల దాకా, హెచ్ అంటే 210, వీ అంటే 240, వై అంటే 300. ఈ వేగాలు తట్టుకోవడం కోసమే ఆ పక్కగోడని పొట్టిగా, గట్టిగా చేస్తారు.

చిక్కంతా ఆ గట్టిదనంతోనే వస్తుంది. మామూలు టైరులో గాలి తగ్గితే కింద బొద్దుగా ఉబ్బుతుంది, దూరంనుంచే కనిపిస్తుంది. పొట్టి పక్కగోడ టైరు సగం గాలి పోయినా పెద్దగా తేడా చూపించదు. ప్రెజర్ చూపించే సెన్సర్ లేకపోయినా, ఉండి దాని లైటుని పట్టించుకోకపోయినా, కారు నడిపేవాడు అట్టాగే పోతుంటాడు. చక్రం తిరిగిన ప్రతిసారీ గాలి చాలని పక్కగోడ నలుగుతుంది, నలిగిన కొద్దీ వేడెక్కుతుంది, లోపలి రబ్బరు రాసుకుని పొడిగా రాలుతుంది. ఎండాకాలం నెల్లూరు రోడ్డు వేడి దానికి అదనం. చివరికి కారు ఆపి చూస్తే మేకు ట్రెడ్ మధ్యలో, చక్కగా రిపేరుకి వీలయ్యే చోటే కనిపిస్తుంది. అసలు దెబ్బ తగిలింది మాత్రం పక్కగోడకి. బయటినుంచి అది కనిపించదు.

ఇప్పుడు మన దగ్గర మామూలుగా జరిగేది చూద్దాం. టైరుని రిమ్ము నుంచి విప్పరు. చాలాసార్లు చక్రాన్ని బండి నుంచి కూడా ఊడదీయరు. మేకు లాగి, రంధ్రాన్ని ఆకురాయి లాంటి సూదితో గీకి, జిగురు పూసిన స్ట్రిప్‌ని దూర్చి, బయట మిగిలిన తోకలు కోసేస్తారు. ఐదు నిమిషాల పని. గాలి నిలబడింది కదా, అయిపోయిందనుకుంటాం. మన సీఎస్ భాషలో చెప్పాలంటే, ఎర్రర్ మెసేజ్ కనబడకుండా చేసి బగ్ పోయిందనుకోవడం లాంటిది ఇది.

అమెరికా టైరు తయారీదారుల సంఘం చెప్పే పద్ధతి వేరు. రంధ్రం ట్రెడ్ భాగంలోనే ఉండాలి. పక్కగోడలో గానీ భుజం దగ్గర గానీ ఉంటే రిపేరు మాటే లేదు. రంధ్రం 6 మిల్లీమీటర్లకి మించకూడదు. టైరుని రిమ్ము నుంచి విప్పి లోపల చూడాలి. రంధ్రంలోకి రబ్బరు కాడ, లోపలివైపు ప్యాచ్, రెండూ ఉండాలి. ఈ రెండూ కలిసున్నదాన్నే మన షాపుల్లో మష్రూమ్ ప్యాచ్ అంటారు, చూడ్డానికి పుట్టగొడుగులా ఉంటుంది కాబట్టి. పాత ప్యాచ్ మీదికి కొత్త ప్యాచ్ ఎక్కకూడదు. బ్రిటన్ ప్రమాణం ఇంకాస్త ఇరుకు: ట్రెడ్ వెడల్పులో మధ్యనుండే ముప్పావు వంతులోనే మామూలు పంచర్ రిపేరుకి ఒప్పుకుంటుంది.

రెండూ ఎందుకు? ప్యాచ్ లోపలి గాలిని ఆపుతుంది. కాడ బయటి నీటిని ఆపుతుంది. కాడ లేకపోతే నీళ్ళు ఆ సన్నటి దారిలోంచి ట్రెడ్ కింద ఉండే స్టీలు తీగల పొర దాకా పోతాయి. తీగ తుప్పు పడితే దానికీ రబ్బరుకీ ఉన్న పట్టు వదులుతుంది. ఇది ఎక్కడైనా సమస్యే గానీ మన తీరంలో ఇంకా ఎక్కువ. మైపాడు, కొత్తకోడూరు దారుల్లో ఉప్పుగాలి, రొయ్యల గుంటల నీళ్ళు, చేపల లారీలనుంచి కారే ఉప్పునీళ్ళు. ఇనుముకి ఉప్పునీళ్ళు ఏం చేస్తాయో ఇంటి గేటుని చూసినా తెలుస్తుంది. అట్టా పట్టు వదిలిన టైరు ఊళ్ళో 40లో తిరిగినంత కాలం బాగానే ఉన్నట్టుంటుంది. వేగం రెట్టింపైతే ట్రెడ్‌ని బయటికి లాగే బలం నాలుగు రెట్లవుతుంది. 50 నుంచి 100కి పోతే నాలుగు రెట్లు, 200కి పోతే పదహారు రెట్లు. ఇంటర్ ఫిజిక్సే, కొత్తదేమీ కాదు.

పోయిన వేసవిలో నెల్లూరు బైపాస్ పక్కన ఒక షాపులో నా బండికి గాలి పట్టించుకుంటుంటే రెండు డోర్ల కారొకటి వచ్చి ఆగింది. వెనక టైరు. "స్ట్రిప్ పెట్టెయ్, తొందరగా పోవాలి" అన్నాడు ఓనరు. షాపన్న టైరు మీద చెయ్యి పెట్టి చూసి, "చానా వేడిగా ఉంది సార్, ఒకసారి విప్పి చూస్తా" అన్నాడు. రిమ్ముకి గీత పడకుండా గుడ్డలు అడ్డం పెట్టి, మిషన్ మీద జాగ్రత్తగా విప్పాడు. వంచితే లోపల్నుంచి టీ పొడి లాంటి నల్లటి పొడి రాలింది. పక్కగోడ లోపల చుట్టూరా ఒక చార. "దీనికి ప్యాచ్ వేసినా నమ్మకం లేదు సార్, మార్చాల్సిందే" అన్నాడు. ఓనరుకి కోపం వచ్చింది. "నీకు చేతకాకపోతే చెప్పు" అన్నాడు. మళ్ళీ టైరు ఎక్కించుకుని, గాలి కొట్టించుకుని, ఇంకో షాపు వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. అరగంట పనికి ఆ అన్నకి వచ్చింది సున్నా.

ఇప్పుడు ఆ అన్న వైపునుంచి ఆలోచించండి. నోరు మూసుకుని స్ట్రిప్ పెట్టుంటే ఐదు నిమిషాల్లో డబ్బులొచ్చేవి. నిజం చెప్పినందుకు తిట్లు వచ్చాయి. రోజూ ఇట్టాగే జరిగితే ఎంత నిజాయితీ ఉన్నోడైనా ఎన్నాళ్ళు విప్పి చూస్తాడు? తప్పు స్ట్రిప్‌ది కాదు, షాపుది కూడా కాదు. మనం దేనికి డబ్బులిస్తున్నామో అదే మనకి దొరుకుతోంది.

దీనికి విరుగుడుగా "కారే కోటి రూపాయలు, టైరుకి లెక్కేంది, పారేసి కొత్తది వెయ్యి" అనేవాళ్ళూ ఉన్నారు. అది కూడా చూడకుండా చేసే నిర్ణయమే. ఫార్ములా వన్‌లో అయితే సరిపోతుంది. 2020 ఆగస్టు 2న సిల్వర్‌స్టోన్‌లో హామిల్టన్ చివరి ల్యాప్‌లో ముందు టైరు పోయినా మూడు చక్రాల మీద నెట్టుకొచ్చి గెలిచాడు. ఆ టైరుకి ఎవరూ ప్యాచ్ వెయ్యరు. రేసు టీముకి గ్యారేజీ నిండా టైర్లుంటాయి. మన రోడ్డు మీద సంగతి వేరు. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని పరిమితుల జాబితాలో పెట్టింది, లైసెన్సు లేకుండా తెప్పించడానికి లేదు. తడకి దగ్గర్లోనే, చినపాండూరులో అపోలో టైర్ల ఫ్యాక్టరీ ఉంది. అయినా స్పోర్ట్స్ కారుకి సరిపడే సైజు, ఆ కారు కంపెనీ ఒప్పుకున్న రకం మన ఊరి షాపులో అరమీద ఉంటుందనుకోవడం అత్యాశ. స్టెప్నీ ఉందా అంటే చాలా స్పోర్ట్స్ కార్లలో ఉండదు. ట్యూబ్‌లెస్ టైర్లు, ప్రెజర్ సెన్సర్లు, రిపేర్ కిట్ ఉంటే కార్లకి స్టెప్నీ తప్పనిసరి కాదని మన నియమాలు కూడా 2020లోనే మారాయి. ఒక్క టైరు మారిస్తే సరిపోతుందా అంటే అదీ చెప్పలేం. పక్కదాని అరుగుదల ఎక్కువుంటే జత మార్చాలి. నాలుగు చక్రాలకీ శక్తి పోయే కారైతే నాలుగింటి చుట్టుకొలతా దాదాపు ఒకటే ఉండాలి. అందుకని మధ్యలో చిన్న మేకు దిగి, లోపల శుభ్రంగా ఉన్న టైరుని పారేయడం కూడా తెలివి కాదు.

లోపలితో పాటు వయసు కూడా చూడాలి. పక్కగోడ మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2523 అంటే 2023లో 25వ వారం తయారైందని. 2013 నవంబర్ 30న ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ నటుడు పాల్ వాకర్ చనిపోయిన ప్రమాదంలో పోర్షే కరేరా జీటీ టైర్లు తొమ్మిదేళ్ళ పాతవని దర్యాప్తులో తేలింది. ప్రమాదానికి కారణం మితిమీరిన వేగమే అన్నారు గానీ, టైర్ల వయసు కారు పట్టు మీద ప్రభావం చూపి ఉండొచ్చని కూడా చెప్పారు. అంత పాత టైరుకి మేకు దిగితే అది మార్చడానికి దొరికిన సాకు అనుకోవాలి.

"మా మామయ్య స్ట్రిప్‌తోనే రెండేళ్ళు తిరిగాడు, ఏం కాలేదు" అనేవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు. నిజమే అయ్యుంటుంది. లోపల దెబ్బ తగలని టైరు, ఊళ్ళో తిరిగే చిన్న కారు, అదృష్టం కూడా ఉంటే స్ట్రిప్ నిలబడుతుంది. స్ట్రిప్ అసలు వద్దని నేనూ అనను. రాత్రిపూట కావలి దాటాక హైవే పక్కన ఇంటోళ్ళతో నిలబడటం కన్నా స్ట్రిప్ పెట్టించుకుని మెల్లగా ఊళ్ళోకి రావడం మేలు. 1033కి ఫోన్ చేస్తే హైవే సాయం కూడా వస్తుంది. కానీ స్ట్రిప్ అంటే షాపు దాకా తెచ్చేది. రిపేరు అయిపోయినట్టు కాదు. అదే టైరు మీద మళ్ళీ 180కి పోవాలనుకునేవాడు మామయ్య కథ నమ్ముకోకూడదు. రిపేరు చేసిన టైరుకి పాత వేగం అక్షరం వర్తించదని కొన్ని కంపెనీలు తేల్చి చెప్తాయి. ఎట్టాగూ మన హైవే మీద బోర్డులు నూటికి మించి ఒప్పుకోవు.

అందుకని నేననేది ఇది. షాపుకి పోగానే "పంచర్ వెయ్యన్నా" అనడం మాని, "విప్పి చూడన్నా, చూసినందుకు వేరే ఇస్తా" అందాం. ఎంతన్నది ముందే మాట్లాడుకుందాం. గాలి లేకుండా ఎంత దూరం వచ్చామో దాచకుండా చెబుదాం. కిట్‌లోని సీలెంట్ కొట్టుంటే అదీ చెబుదాం, లేకపోతే విప్పగానే ఆ జిగురు ఆయన మొహాన పడుతుంది. లోపల శుభ్రంగా ఉంటే మష్రూమ్ ప్యాచ్, లేకపోతే కొత్త టైరు. ఏది తేలినా చూసినందుకు కూలి ఆయనది.

ఇది వింతగా అనిపిస్తే మన తీరంలోనే జరిగినదొకటి గుర్తుచేసుకోండి. 2019 జూలై 15 తెల్లవారుజామున శ్రీహరికోటలో చంద్రయాన్-2 కౌంట్‌డౌన్‌ని ఇంకో 56 నిమిషాలుందనగా ఆపేశారు. సాంకేతిక లోపం కనబడింది. దేశమంతా మేలుకుని చూస్తోంది. వారం తర్వాత, 22న, అది చక్కగా పైకి లేచింది. ఆ రాత్రి "ఆపండి" అన్న ఇంజనీర్లని ఎవరూ చేతకానోళ్ళు అనలేదు. వాళ్ళ జీతం కోయలేదు. ఆపడం కూడా వాళ్ళ పనిలో భాగమేనని అందరం ఒప్పుకున్నాం.

రేపు మనం చేసే ఉద్యోగాల్లో కూడా "ఇది ఇంకా రెడీ కాలేదు సార్" అని చెప్పాల్సిన రోజు వస్తుంది. అప్పుడు మన మాట వినాలనీ, దానికి మనల్ని శిక్షించకూడదనీ కోరుకుంటాం. చేతికి గ్రీజంటిన మనిషికి కూడా ఆ గౌరవం ఇవ్వడానికి పెద్ద చట్టాలేమీ అక్కర్లేదు. జేబులోంచి ఇంకో నోటు తీస్తే చాలు.