గ్రీన్ కార్డు వచ్చాక చూద్దాంలే!

ప్లేనోలో మనవాళ్ళం నలుగురం కలిస్తే, మాట ఎటు తిరిగినా చివరికి ఇక్కడికే వస్తుంది: "గ్రీన్ కార్డు రానీ, అప్పుడు చూద్దాం." సంగీతం నేర్చుకోవడం, ఊళ్ళో అమ్మానాన్నల దగ్గర ఒక నెల ఉండడం, అన్నీ ఆ తర్వాతే!

ఒక్క దేశానికి ఏటా 7 శాతం మించకూడదన్న పరిమితి ఉన్నంతకాలం మన వరుసది నత్తనడకే. ఉద్యోగం పోతే హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి గడువు 60 రోజుల దాకానే. భయం నిజమే, కాదనం. అందుకే ఆరు నెలల ఖర్చు ముందు పక్కన పెట్టుకోవాలి. అది పెట్టాక కూడా శనివారం ల్యాప్‌టాప్ ముందే కూర్చున్నామంటే మాత్రం, అది ఒట్టి అలవాటే.

మన ఓక్ పాయింట్ పార్కు 800 ఎకరాలు. టికెట్ లేదు, వీసా స్టేటస్ అడగరు. ఎంతమందిమి పిల్లల్ని తీసుకెళ్ళాం? చలికాలంలో ఇక్కడ ఉదయం 9 అంటే ఊళ్ళో రాత్రి 8:30. అమ్మ భోంచేసి మన ఫోన్ కోసం చూసే వేళ. మనమేమో మీటింగులో ఉంటాం.

పిల్లలకి 21 నిండితే మన వీసా మీద ఉండలేరు. వాళ్ళ వయసు మన వరుస కోసం ఆగదు. కార్డు ఎప్పుడొస్తే అప్పుడు రానీ. ఈ వారం ఒక్క సాయంత్రం క్యాలెండర్‌లో ఇంటివాళ్ళ కోసం బ్లాక్ చేసుకుందాం. ఏమంటారు?