గోల్ ముందు చోటు ఒక్కరికే

అమెరికా హైస్కూల్లో పదకొండో తరగతికి వచ్చిన లాక్రాస్ పిల్లలకు సెప్టెంబరు 1 పెద్ద రోజు. అంతకు ముందు కాలేజీ క్రీడల్లో పై శ్రేణి అయిన డివిజన్-1 కోచ్‌లు వాళ్లతో చేరిక గురించి మాట్లాడకూడదు. 2017లో ఈ నిబంధన వచ్చేదాకా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు కూడా ఫలానా యూనివర్సిటీకి ఆడతామని మాట ఇచ్చేసేవారు. ఆ పరుగుతో విసిగి, గడువు పెట్టమని కోరింది కోచ్‌ల సంఘాలే. మంచి పని చేశారు. కానీ ఏ నిబంధనా తీర్చలేని చిక్కు గోల్‌కీపర్లకు ఒకటి మిగిలింది. జట్టులో ఎంతమంది ఉన్నా గోల్ ముందు నిలబడేది ఒక్కరే.

లాక్రాస్ మనకు కొత్త పేరే. చివర వల కట్టిన కర్రతో గట్టి రబ్బరు బంతిని పట్టి, విసిరి గోల్ చేసే ఆట. ఉత్తర అమెరికా ఆదివాసులది. 2023 అక్టోబరులో ముంబైలో సమావేశమైన ఒలింపిక్ కమిటీ క్రికెట్‌తో పాటు దీన్నీ 2028 లాస్ ఏంజెలిస్ క్రీడల్లోకి తీసుకుంది. ఈ ఆటలో గోలీగా (గోల్‌కీపర్‌గా) పేరు తెచ్చుకున్నవారిలో ఒనొండాగా తెగకు చెందిన ఓరెన్ లయన్స్ ఒకరు. 1957లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని సిరక్యూజ్ యూనివర్సిటీ జట్టులో, తర్వాత అమెరికన్ ఫుట్‌బాల్ దిగ్గజమైన జిమ్ బ్రౌన్‌తో కలిసి ఆడారు. తర్వాత తన ప్రజల గొంతును ఐక్యరాజ్యసమితి దాకా తీసుకెళ్లారు.

గోల్ ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు. కాలేజీ స్థాయిలో అబ్బాయిల షాట్లు గంటకు 90 మైళ్లు, అంటే దాదాపు 145 కిలోమీటర్లు దాటుతాయి. ఫాస్ట్ బౌలర్ వేగం, పిచ్‌లో సగం దూరం! బంతి ఛాతీకి తగిలి గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది కాబట్టే ప్రత్యేక ప్రమాణం ఉన్న ఛాతీ కవచాన్ని తప్పనిసరి చేశారు. కాళ్లకు మాత్రం అబ్బాయిల్లో చాలామంది ఏమీ కట్టుకోరు. బంతిని ఆపితే పని అయిపోయినట్టు కాదు. అబ్బాయిల ఆటలో అయితే నాలుగు సెకన్లలో గోల్ చుట్టూ గీసిన వలయం దాటాలి, లేదా బంతిని సహచరుడికి అందించాలి. ప్రత్యర్థి దాడి చేస్తున్నంతసేపూ బంతి ఎక్కడుందో డిఫెండర్లకు అరిచి చెబుతూనే ఉండాలి.

వచ్చిన షాట్లలో సగానికి పైగా ఆపితే మంచి గోలీ అంటారు. ఈ శాతం ఒక్కటే చూసి పదహారేళ్ల పిల్లవాణ్ణి తూచడం అన్యాయం. డిఫెన్స్ బలంగా ఉంటే దూరపు షాట్లే వస్తాయి. బలహీనమైన జట్టులో ఉన్నవాడికి ప్రతి షాటూ మొహం మీదికే. కోచ్‌లు చూడాల్సింది, గోల్ పడ్డాక తర్వాతి బంతికి అతను ఎలా నిలబడ్డాడన్నది.

డివిజన్-1లో పురుషుల జట్లు 70కి పైగా ఉన్నాయి. ఏటా ఒక్కో జట్టుకు కావలసిన కొత్త గోలీ మహా అయితే ఒకరో ఇద్దరో. ముందున్నవాడు నిలకడగా ఆడితే వెనకవాడికి ఏళ్ల తరబడి బెంచీయే గతి. పైగా అనుభవం ఉన్న ఆటగాళ్లు ఇప్పుడు ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి తేలిగ్గా మారిపోతున్నారు. కాలేజీ ఆటగాళ్లకు చెల్లింపుల విషయమై 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంలో చేరిన కాలేజీలు పురుషుల జట్టులో 48 మందినీ, మహిళల జట్టులో 38 మందినీ మించి ఉంచుకోకూడదు. ఆ లెక్కలో మూడో గోలీ, నాలుగో గోలీ చోటుకే ముందు ఎసరు.

స్కాలర్‌షిప్ వస్తుందన్న ఆశతో వేసవి టోర్నమెంట్లకు వేల డాలర్లు పోసే తల్లిదండ్రులు ఒకసారి ఆగి ఆలోచించాలి. మొన్నటిదాకా పురుషుల జట్టు మొత్తానికి 12.6 స్కాలర్‌షిప్పులే పరిమితి, వాటినే ముక్కలు చేసి పంచేవారు. ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయినా జట్టు అంతటికీ ఇవ్వగల డబ్బు చాలా కాలేజీల దగ్గర లేదు. 2025 జాతీయ విజేత కార్నెల్ సంగతే చూడండి. ఐవీ లీగ్ కాలేజీ కనుక ఆట పేరు మీద ఒక్క డాలరు స్కాలర్‌షిప్ కూడా ఇవ్వదు. కింది శ్రేణి అయిన డివిజన్-3లోనూ అంతే. అయినా అక్కడ 2024లో గెలిచిన టఫ్ట్స్‌లో సీటు చదువు కోసమైనా కోరుకోదగ్గది. డివిజన్-3 అంటే రెండో రకం అనుకోవడం తప్పు. నాలుగేళ్లు బెంచీ మీద గడపడం కన్నా అక్కడ నాలుగేళ్లు ఆడడం ఎంతో మేలు.

న్యూజెర్సీ, మేరీల్యాండ్, వర్జీనియాల్లో లాక్రాస్‌కు ఆదరణ ఎక్కువ, అక్కడ మన తెలుగు కుటుంబాలూ ఎక్కువే. మీ అబ్బాయో అమ్మాయో గోలీ అయితే కోచ్‌ను సూటిగా అడగండి. ఇప్పుడు ఎంతమంది గోలీలున్నారు? వాళ్లు ఏ సంవత్సరం చదువుతున్నారు? బయటి కాలేజీ నుంచి ఎవరినైనా తెస్తున్నారా? ఈ ప్రశ్నలకు జవాబు దాటవేసే చోట పిల్లల చేత సంతకం పెట్టించకండి.